బొరుగు పోయింది, వడ్డీ మిగిలింది

ఎడిటర్ గారికి నమస్కారం.

మూడు వారాల కిందట మీ పేపర్లో ఒక పాఠకుడి ఉత్తరం వచ్చింది. మనుషులు మాత్రలకు డబ్బుల్లేక అల్లాడుతుంటే కొందరు కుక్కలకు సెలైన్లు ఎక్కించి వేలకు వేలు తగలేస్తున్నారని, ఇదంతా డబ్బున్నోళ్ల షోకని రాశారాయన. ఆయన మీద నాకు కోపం లేదు. రెండేళ్ల కిందటైతే నేనూ తలూపి పేజీ తిప్పేసేవాణ్ణి. కానీ ఆ ఉత్తరం చదివేనాటికి మా హాల్లో కిటికీ ఊచకి, పోయిన మా కుక్కకి ఎక్కించిన ఖాళీ సెలైన్ బాటిల్ ఇంకా వేలాడుతూనే ఉంది, దాన్ని తీసేయడానికి నాకూ మా ఆవిడకీ చేతులు రాక. అందుకే రాస్తున్నాను. పొడుగైతే కత్తిరించుకోండి, కానీ డబ్బుల లెక్క మాత్రం కత్తిరించొద్దు, నేను రాసేదే దాని గురించి.

మాది చిత్తూరు, గ్రీమ్స్‌పేట. జిరాక్స్ షాపు నాది. కరెంటు, బాడుగ, టోనరు అన్నీ పోను నెలకి ఇరవై, ఇరవై రెండు వేలు మిగిలితే ఆ నెల బాగున్నట్టు. షోకులు చేసే ఇల్లు కాదు మాది.

మా కుక్క పేరు బొరుగు. మా అమ్మాయి ఐదో తరగతిలో ఉండగా మా బావమరిది పలమనేరు నుంచి చెప్పుల అట్టపెట్టెలో పెట్టుకొచ్చాడు. తెల్లగా, ఉఫ్ అంటే ఎగిరిపోయేట్టు ఉంటే మా అమ్మ చూసి "బొరుగు మాదిరి ఉండాదే ఇది" అంది, అదే పేరైపోయింది. పామేరియన్ అని చెప్పి ఇచ్చాడు, మేమూ పద్నాలుగేళ్లు అందరికీ అట్లాగే చెప్పుకున్నాం. చివర్లో తిరుపతిలో డాక్టరమ్మ చూసి, మన దగ్గర పామేరియన్ పేరుతో ఇచ్చేవి చాలావరకు ఇండియన్ స్పిట్జ్‌లేనండీ అంది. అట్లా దాని జాతేందో ఆఖరి నెలలో తెలిసింది మాకు. తెలిసి ఏం తేడా పడిందిలే, అది తిన్నది పెరుగన్నమే.

పగలంతా షాపులో నా దగ్గరే ఉండేది. మెషిన్ పక్కన వెచ్చగా ఉంటుందని చలికాలం దాని కిందే పడుకునేది. నేను కాగితాలు తీసుకుని వెనక్కి అడుగేసేటప్పుడు కుడికాలు కాస్త ఎడంగా పెట్టేవాణ్ణి, తోక తొక్కకుండా. ఇప్పటికీ అట్లాగే పెడుతున్నాను. మొన్న ఒక కుర్రాడు ఆధార్ జిరాక్సుకి వచ్చి "కాలు నొప్పా అన్నా" అని అడిగాడు.

పోయిన ఎండాకాలం నుంచి నీళ్లు బాగా తాగడం మొదలుపెట్టింది. మన చిత్తూరు ఎండలు తెలిసినవే కదా, మంచిదే, తాగనీ అనుకున్నాం, ఇంకో గిన్నె కూడా పెట్టాం. ఎండాకాలం పోయింది, వానలు వచ్చాయి, అయినా రోజుకి లీటరు దాకా తాగుతూనే ఉంది. రాత్రిళ్లు ఇంట్లోనే మూత్రం పోసేస్తుంటే వయసు మీదపడిందిలే అని గోనెసంచులు పరిచాం. ఎనిమిది కిలోల కుక్క అన్ని నీళ్లు తాగకూడదట. కిలో బరువుకి రోజుకి వంద మిల్లీలీటర్లు దాటిందంటే ఏదో తేడా ఉన్నట్టే లెక్క అని ఆ తర్వాత చెప్పారు. కిడ్నీలు పాడైతే మూత్రం చిక్కబరచలేవు, అది పల్చగా నీళ్లలాగే పోతుంటుంది, పోయినదాన్ని పూడ్చుకోవడానికి కుక్క తాగుతుంటుంది. కిడ్నీలు బయటికి పంపాల్సిన క్రియాటినిన్ అనే వ్యర్థం రక్తంలో పెరిగి రిపోర్టులో కనబడేసరికే కిడ్నీల పనిలో మూడింట రెండొంతులో అంతకన్నా ఎక్కువో పోయి ఉంటుందట. ఏడెనిమిదేళ్లు దాటిన కుక్కకి ఏడాదికోసారి రక్తం, మూత్రం పరీక్ష చేయించమనేది అందుకే. మేం చేయించలేదు. ఏటా పశువుల ఆసుపత్రిలో రేబిస్ సూది వేయిస్తున్నాం కదా, అంతకన్నా కుక్కకి ఏం కావాలి అనుకునేవాళ్లం.

దీపావళికి ఇంకో సంగతి జరిగింది. ఏటా పండగ రోజు మంచం కింద దూరి వణికే కుక్క ఈసారి వీధిలో బాంబులు పేలుతుంటే గుమ్మంలో పడుకుని హాయిగా నిద్రపోయింది. చెవులు పోయాయని మాకప్పుడు అర్థమైంది. "పోనీలెండి, దీనికి ఈ ఒక్క దీపావళన్నా సుఖంగా జరిగింది" అంది మా ఆవిడ.

డిసెంబరు మొదట్లో తిండి మానేసింది. నోట్లోంచి వాసన, పొద్దున్నే నురగ వాంతులు. టౌన్లో ఒక ప్రైవేట్ క్లినిక్‌కి తీసుకెళ్లాం. పేరు రాయను, డాక్టరు చెడ్డవాడు కూడా కాదు, కుక్కని పట్టుకోవడం చూస్తేనే తెలుస్తుంది చేయి తిరిగినవాడని. మొదటి రోజు ఫీజూ ఇంజక్షన్లూ కలిపి 1,050. రక్తపరీక్ష, స్కానింగ్ 3,400. క్రియాటినిన్ 4.1 వచ్చింది, కుక్కకి ఒకటిన్నర లోపల ఉండాలట. "డ్రిప్పులు పెడదాం సార్" అన్నాడు. రోజుకి 1,500 చొప్పున ఆరు రోజులు, అంటే 9,000. మళ్లీ రక్తపరీక్ష, ఒక ఎక్స్‌రే, అది 2,600. క్రియాటినిన్ 3.6కి వచ్చింది. "తగ్గింది సార్, చూశారా" అన్నాడు. మేం ఇంటికొచ్చి స్వీటు కూడా తిన్నాం, సిగ్గులేకుండా చెబుతున్నాను. కిడ్నీ కుక్కలకి ప్రత్యేకంగా ఉండే దాణా అని రెండు కిలోల సంచి 2,350 పెట్టి కొన్నాం. బొరుగు దాన్ని వాసన చూసి, నా మొహం చూసి, వెళ్లి పడుకుంది. మా ఆవిడ పెరుగులో కలిపి చూసింది, పెరుగు మాత్రం నాకి గింజలు వదిలేసింది. షాపువాడు సంచి విప్పాక వాపసు తీసుకోనన్నాడు, అదీ న్యాయమే.

నాలుగు రోజులకి మళ్లీ వాంతులు. మళ్లీ వెళితే "మళ్లీ ఓ వారం డ్రిప్పులు పెడదాం" అన్నాడు. అప్పుడు అడిగాను, పెడితే నయమవుతుందా అని. ఆయన కాసేపు బల్ల మీద పెన్ను దొర్లించి "ఏజ్ కదా సార్" అన్నాడు.

ఆ మూడు ముక్కలు మొదటి రోజే చెప్పి ఉంటే? నా ఫిర్యాదు అంతా ఇదే. డ్రిప్పు పెట్టడం తప్పని కాదు, పెట్టకపోతే ఆ రోజే పోయేదేమో. బాటిల్ డెబ్బై రూపాయలైతే పదిహేను వందలు ఎందుకు తీసుకున్నావనీ నేను అడగను, ఆయనకీ బాడుగ ఉంటుంది, పట్టుకునే కుర్రాడికి జీతం ఉంటుంది, చదివిన చదువు ఉంటుంది. కానీ ఇది నయమయ్యే జబ్బు కాదు, డ్రిప్పుతో కొన్నాళ్లు తేలిక చేస్తామంతే, దానికి వారానికి ఇంత అవుతుంది, మీకు వీలవుతుందా అని ఒక్కమాట అడిగి ఉంటే మేమూ మనుషుల్లాగా కూర్చుని ఆలోచించుకునేవాళ్లం. అడగడం మాకూ చేతకాలేదు. కుక్క బల్ల మీద పడుకుని నీవైపే చూస్తుంటే "ఎంతవుతుంది సార్" అని అడగడానికి నోరు రాదు. అడిగితే పిసినారి అనుకుంటారేమోనని భయం. పదహారు వేల యాభై కట్టాక నా చేతిలో ఉన్నవి చిన్న తెల్ల చీటీలు. వాటి మీద ట్రీట్‌మెంట్ అని రాసి, పక్కన అంకె, అంతే. దేనికెంతో విడగొట్టి రాయొచ్చు కదా. పశువైద్యానికి జీఎస్టీ మినహాయింపు ఉంది, బిల్లు రాస్తే మీకే ట్యాక్స్ పడుతుంది అనే సాకు కూడా లేదు.

బిల్లు వివరంగా ఉంటే దుఃఖం తగ్గుతుందా అని మీరు అడగొచ్చు. తగ్గదు. కానీ ఇప్పుడు నాకు రాత్రిళ్లు రెండు ఆలోచనలు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. అనవసరంగా అన్ని సూదులు పొడిపించి దాన్ని హింస పెట్టానా అని ఒకటి. డబ్బులకి వెనకాడి ఇంకా చేయాల్సింది చేయలేదా అని ఇంకొకటి. రెండూ ఒకే మనిషికి ఒకే రాత్రి ఎట్లా వస్తాయో నాకు తెలీదు, కానీ వస్తాయి. మొదటి రోజే ఉన్నదున్నట్టు చెప్పి ఉంటే ఇందులో ఒకటన్నా రాకపోవును.

మనకి డెబ్బై కిలోమీటర్ల దూరంలో, తిరుపతిలో, 1955 నుంచి పశువైద్య కళాశాల ఉంది, 2005లో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయమే వచ్చింది. అయినా చిత్తూరోళ్లకి జబ్బు అనగానే వెల్లూరు గుర్తొస్తుంది, కుక్కకైతే మద్రాసులో వేపేరి పశువుల ఆసుపత్రి. మాకూ అంతే, వేపేరికి కారు మాట్లాడుకోబోతుంటే షాపుకి వచ్చే లాయర్ గుమస్తా ఒకాయన "పక్కన తిరుపతి పెట్టుకుని అంత దూరం ఎందుకు సార్" అన్నాడు. జబ్బు కుక్కతో బస్సులో కష్టం కాబట్టి కారే, పోనూ రానూ 2,500. పూతలపట్టు దాటేదాకా మా ఆవిడ ఒడిలో పడుకుంది, చంద్రగిరి వచ్చేసరికి లేచి కిటికీలోంచి ముక్కు బయట పెట్టింది. అదొక్కటే చాలనిపించింది ఆ పూటకి.

కాలేజీ ఆసుపత్రిలో పొద్దున్నే వెళితే చీటీ రాయించుకుని వరసలో కూర్చోవాలి. మా ముందు ఒక ఆవు, రెండు మేకలు, ఒళ్లంతా పిడుదులు పట్టిన ఒక లాబ్రడార్. చదువుకునే పిల్లలు చుట్టూ మూగి చూస్తారు, దానికి ఓపిక కావాలి. కానీ అక్కడున్న డాక్టరమ్మ, మా అమ్మాయి కన్నా రెండు మూడేళ్లు పెద్దదేమో, రిపోర్టులన్నీ నేల మీద పేర్చుకున్నట్టు బల్ల మీద పేర్చి మొదటి కాగితం నుంచి చదివింది. చదివి "అంకుల్, ఇది నయం కాదు. ఎన్నాళ్లుంటుందో నేను చెప్పలేను, వారాలు కావచ్చు, రెండు నెలలు కావచ్చు. ఉన్నన్నాళ్లూ వాంతులు లేకుండా, కాస్త తింటూ ఉండేట్టు చూద్దాం" అంది. మా ఆవిడ ఏడ్చింది. నాకు మాత్రం, విచిత్రంగా, గుండెల మీంచి ఏదో దించినట్టైంది.

తర్వాత ఆమె ఒక ప్రశ్న అడిగింది. "ఇంట్లో నొప్పి మాత్రలు ఏమైనా వేశారా?"

వేశాను. ఏడాది కిందట కాళ్లు ఈడుస్తుంటే నా మోకాళ్ల నొప్పి మాత్రలో సగం పెరుగులో కలిపి పెట్టాను. ఒకసారి కాదు, నాలుగైదు సార్లు. మా ఆవిడకి కూడా చెప్పలేదు. అక్కడ అందరి ముందూ చెప్పాను. ఆమె తిట్టలేదు. వయసు మళ్లిన కుక్కల్లో కిడ్నీ జబ్బు మామూలే, మీ మాత్ర వల్లే వచ్చిందని చెప్పలేం, కానీ మనుషుల డైక్లోఫెనాక్, ఇబుప్రొఫెన్ లాంటివి కుక్కల కిడ్నీనీ కడుపునీ దెబ్బతీస్తాయి, ఇంకెప్పుడూ వేయకండి అంది. ఇంకెప్పుడూ అనే మాటకి నాకిప్పుడు అర్థం లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను, ఇంట్లో ముసలి కుక్క ఉన్నవాళ్లు ఎవరైనా చదువుతారని.

రోజూ డెబ్బై కిలోమీటర్లు తిరగక్కర్లేకుండా ఇంట్లోనే చర్మం కింద సెలైన్ ఎక్కించడం నేర్పించారు. కంపౌండరు పని నేను చేస్తానని కలలో కూడా అనుకోలేదు. ముందు బాటిల్‌ని వేడినీళ్ల గిన్నెలో పెట్టాలి, గోరువెచ్చగా అయిందా లేదా అని ఒక చుక్క మణికట్టు మీద వేసుకుని చూడాలి, చంటిపిల్లల పాలు చూసినట్టు. బాటిల్ కిటికీ ఊచకి కట్టాలి. మెడ వెనక, రెండు భుజాల నడుమ చర్మాన్ని వేళ్లతో పైకి లాగితే చిన్న గుడారంలా లేస్తుంది, ఆ సందులోకి సూది. మొదటిరోజు సూది ఆ పక్కనించి బయటికొచ్చి నీళ్లన్నీ మా ఆవిడ చీర మీద కారాయి, ఇద్దరం గమనించలేదు, బొరుగే వెనక్కి తిరిగి తడిని నాకింది. నాలుగో రోజుకి చెయ్యి కుదిరింది. నూట ఇరవై మిల్లీలీటర్లు దిగేసరికి మెడ వెనక నిమ్మకాయంత, తర్వాత బత్తాయంత ఉబ్బు వస్తుంది, అది కాసేపటికి జారి ముందరి కాలు దగ్గరకి దిగుతుంది, సాయంత్రానికి ఒంట్లో కలిసిపోతుంది. ఆ పది నిమిషాలూ మా ఆవిడ దాని చెవి వెనక గీకుతూ కూర్చునేది. చెవులు వినపడవని తెలిసినా ఏవేవో చెప్పేది, వంకాయలు ఎంత చెప్పాడో, పాప ఫోన్లో ఏమందో. ఐదు వారాలు ఇట్లా. బాటిళ్లు, ట్యూబులు, సూదులు అన్నీ కలిపి 1,900 అయింది, ఐదు వారాలకి.

లెక్క పూర్తిగా చెప్పేస్తాను. క్లినిక్‌లో 16,050, దాణా సంచి 2,350, బయట కొన్న మందులు 4,200, మూడుసార్లు తిరుపతి కారు 7,500, అక్కడ పరీక్షలూ మందులూ 2,900, ఇంటి సెలైను 1,900. మొత్తం 34,900. బెంగళూరులో పనిచేసే మా అమ్మాయి "నాన్నా, ఎంతైనా పర్లేదు, నేను పంపిస్తా" అంది, దాని జీతం నాకు తెలుసు కాబట్టి వద్దన్నాను. మా ఆవిడ అడక్కుండానే చెవి కమ్మలూ ఉంగరమూ తీసి బల్ల మీద పెట్టింది. ముప్పై వేలు గోల్డ్ లోన్. నెలకి మూడొందల చిల్లర వడ్డీ. కుక్క పోయి రెండు నెలలు కావస్తోంది, పోయిన శనివారం కూడా వెళ్లి వడ్డీ కట్టొచ్చాను. కౌంటర్లో అమ్మాయి లోను దేనికి తీసుకున్నారని అడగదు, అడక్కపోవడమే మేలు.

ఇన్సూరెన్స్ ఉంటుంది కదా అని ఒకరిద్దరు అన్నారు. ఉంది. కానీ వయసులో ఉన్నప్పుడు తీసుకోవాలి, ముసలిదయ్యాక, జబ్బు బయటపడ్డాక కొత్త పాలసీ ఎవరిస్తారు? మూడేళ్ల కుక్క ఉన్నవాళ్లు కనుక్కోండి, పద్నాలుగేళ్లదుంటే మాలాగా కమ్మలే.

డాక్టరమ్మ రెండోసారి వెళ్లినప్పుడు ఇంకోమాట చెప్పింది. దానికి బాగా ఇష్టమైనవి మూడు పనులు అనుకోండి, రోజూ చేస్తోందా లేదా క్యాలెండర్ మీద రాయండి, మంచి రోజుల కన్నా చెడ్డ రోజులు ఎక్కువైనప్పుడు నాకు ఫోన్ చేయండి అని. మా వంటింట్లో పాల ప్యాకెట్ల లెక్క రాసే క్యాలెండర్ ఉంది, మా ఆవిడ అందులోనే పెట్టింది. ఒకటి, పెరుగన్నం తనంతట తాను తినడం. రెండు, నేను షాపు మూసి వస్తే గేటు దాకా రావడం. మూడు, ఇస్త్రీ బండాయన వస్తే మొరగడం. ఆయనంటే దానికి ఎందుకో పద్నాలుగేళ్ల పగ, చెవులు పోయినా బండి కనబడితే చాలు లేచేది. డిసెంబరు గళ్లలో పాల లెక్క పక్కన మూడేసి టిక్కులు, రెండేసి టిక్కులు. సంక్రాంతి వచ్చేసరికి ఒకటి.

కనుమ రోజు రక్తవాంతి చేసుకుంది. రంగంపేటలో పశువుల పండగ జరుగుతోంది, టీవీలో చూపిస్తున్నారు, ఎడ్లకి పలకలు కట్టి వదులుతున్నారు. టౌన్లో క్లినిక్‌కి ఫోన్ చేస్తే పండగ సెలవులు, సోమవారం తీసుకురమ్మన్నారు. జిల్లా అంతా పశువులకి దండం పెట్టే రోజు ఒక కుక్కకి సూది వేసే దిక్కు లేకపోయింది మాకు. తిరుపతి డాక్టరమ్మ ఫోన్లో చెప్పిన వాంతుల మందు ఒక మెడికల్ షాపులో దొరికింది, ఆ రాత్రి గడిచింది.

ఆ తర్వాత నాలుగు రోజులు గళ్లు ఖాళీగా ఉన్నాయి. ఐదోరోజు మా ఆవిడ పాల లెక్క రాసి, పెన్ను మూత పెట్టి, "ఫోన్ చెయ్యండి" అంది. అమ్మాయి రాత్రి బస్సుకి బయల్దేరింది.

నొప్పి తెలీకుండా ప్రాణం పోయేట్టు వేసే ఆ సూది అంటే నాకు చాలా భయంగా ఉండింది, అందుకే అది ఎట్లా ఉంటుందో రాస్తాను, భయపడేవాళ్లకి పనికొస్తుంది. తిరుపతి ఆసుపత్రిలో ముందు ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. ఏం జరగబోతుందో మొత్తం ముందే చెప్పారు. మొదట నిద్రకి ఒక సూది, అది పూర్తిగా మత్తులోకి వెళ్లాక ఎక్కువ మోతాదులో మత్తుమందు నరంలోకి, దాంతో గుండె ఆగిపోతుంది, దానికి ఏమీ తెలీదు. కళ్లు మూతపడవు, భయపడకండి, అందరికీ అట్లాగే ఉంటుంది, ఒకసారి గట్టిగా ఊపిరి వదలొచ్చు, మూత్రం పోవచ్చు, అది నొప్పి కాదు అన్నారు. ముందే చెప్పారు కాబట్టి నిలబడగలిగాం. మా ఆవిడ అరచెయ్యి దాని గడ్డం కింద పెట్టింది. అమ్మాయి పాత స్కూలు స్వెటర్ తెచ్చింది, అది పరిచాం. టైము చూస్తే పదకొండు ఇరవై. కళ్లు తెరిచే ఉన్నాయి, చెప్పినట్టే.

అటునుంచి అటే పెనుమూరు, మా నాయన చేనుకి. మామిడిచెట్ల పక్కన నాలుగడుగులకి పైగా తవ్వించి, ఉప్పు వేసి పూడ్చాం. లోతుగా ఎందుకంటే, ఆ మత్తుమందు ఒంట్లో మిగిలే ఉంటుంది, వేరే కుక్కలో పక్షులో తవ్వి తింటే వాటికీ ప్రాణం మీదకి వస్తుంది, డాక్టరమ్మ మరీమరీ చెప్పింది. మాకు చేను ఉంది. గ్రీమ్స్‌పేటలో, కొంగారెడ్డిపల్లెలో, తిరుపతి బైరాగిపట్టెడలో మూడో అంతస్తులో బాడుగకుండే వాళ్లకి ఏముంది? గుడ్డలో చుట్టి రాత్రిపూట ఏ చెరువుగట్టుకో తీసుకెళ్లడమే. హైదరాబాదులో ఫతుల్లగూడ దగ్గర పెంపుడు జంతువుల దహనవాటిక ఉంది. అంత పెద్దది మనకొద్దు, చిత్తూరు, తిరుపతి కార్పొరేషన్లు ఊరి బయట కంచె వేసిన పాతిక సెంట్లు చూపించి, గుంత తవ్వడానికి ఒక మనిషిని పెట్టి, ఇంత అని రుసుము తీసుకున్నా కడతాం.

ఇక ఆ పాఠకుడి మాటకొస్తాను. మనుషులకి లేనప్పుడు జంతువుకి ఎందుకు అన్నారు. నా చిన్నప్పుడు పెనుమూరులో మా జెర్సీ ఆవు చచ్చిపోతే మా నాయన రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఊరంతా వచ్చి అరుగు మీద కూర్చుని పరామర్శించారు, మనిషి పోయినట్టే. ఎవరూ షోకు అనలేదు, ఎందుకంటే అది పూటకి ఆరు లీటర్లు ఇచ్చేది. ఇప్పుడు ఊళ్లలో ఆవుకి బాగలేకపోతే 1962 నంబరుకి ఫోన్ చేస్తే పశువుల అంబులెన్సు బండి వస్తుంది, 2022 నుంచి వస్తోంది, చాలా మంచి పని, ఎవరూ కాదనరు. అంటే ఏడవడానికి కూడా పాల లెక్క కావాలన్నమాట. మా నాయన ఏడ్చింది పాలకి మాత్రమే కాదని నేను అప్పుడే చూశాను, వట్టిపోయిన ఏడాది కూడా దాన్ని కటికవాడికి అమ్మలేదు ఆయన. ఇది కావాలంటే పెనుమూరులో అడగండి.

మా కుక్క పోయిందని తెలిసి షాపుకి వచ్చినవాళ్లు పదిమందిలో ఎనిమిదిమంది మొదట అడిగింది "ఎంతయింది?" అనే. చెబితే "అబ్బా, అంత పెట్టారా" అని ఒకరు, "ఇంకోటి తెచ్చుకోండి, నేనిప్పిస్తా" అని ఒకరు. ఒక పెద్దమనిషి కాలభైరవుడి వాహనం, పుణ్యం వస్తుంది అన్నాడు. పుణ్యానికి ఎవరు పెంచారండీ దాన్ని? వాళ్లెవరూ చెడ్డవాళ్లు కాదు, ఏం అనాలో తెలీక అంటారు. ఇస్త్రీ బండాయన మాత్రం ఆ వారం బట్టలివ్వడానికి వచ్చి, గేటు దగ్గర ఆగి, "ఏంది సార్, ఈరోజు తిట్లు లేవు" అన్నాడు. చెప్పాను. ఆయన బట్టల మూట కింద పెట్టి, ఖాళీగా ఉన్న గుమ్మం వైపు చూస్తూ కాసేపు నిలబడ్డాడు. ఎంతయిందని అడగలేదు. ఏమీ అనకుండానే మూట అందించి వెళ్లిపోయాడు.

టౌన్లో క్లినిక్ డాక్టరు గారు మీ పేపరు తెప్పించుకుంటారు, వెయిటింగ్ హాల్లో బల్ల మీద చూశాను. చదివితే, మీ మీద పగ లేదు సార్. తర్వాత వచ్చేవాళ్లకి మొదటి రోజే చెప్పండి, అంతే.

మా ఇంట్లో ఆ కిడ్నీ కుక్కల దాణా సంచి ముప్పావు వంతు అట్లాగే ఉంది, గట్టిగా క్లిప్పు పెట్టి ఫ్రిజ్ పక్కన పెట్టాం. గడువు ఆగస్టు దాకా ఉంది, కానీ విప్పిన సంచి కాబట్టి త్వరగా వాడేయాలి. సీలు తీయని సెలైన్ బాటిళ్లు మూడు, సూదులు కొన్ని ఉన్నాయి. ఎవరి కుక్కకైనా డాక్టరు ఇవే రాసి ఉంటే, ఆ చీటీ తీసుకుని వస్తే ఊరికే ఇస్తాను. నా ఫోన్ నంబరు మీ ఆఫీసులో ఇచ్చాను, అడిగినవాళ్లకి చెప్పండి. ఆదివారం షాపు ఉండదు, మిగతా రోజుల్లో రాత్రి ఎనిమిది దాకా ఉంటాను.

— జిరాక్స్ షాపు యజమాని, గ్రీమ్స్‌పేట, చిత్తూరు